ఇసుక అంటిన బోర్డు

కంపెనీ ఆయిల్‌ను గంగాధరమే బయట అమ్ముకున్నాడట. తగ్గినంత మేరా నీళ్లు పోసి డబ్బా నింపేశాడట. అందుకే కొత్త బిల్డింగు పిల్లర్లు పాడైపోయాయట. ఈ సాయంత్రమే అతణ్ని మస్కట్ తీసుకెళ్లి విమానం ఎక్కించేస్తున్నారట.

ఇన్ని 'అట'లు మోసుకొచ్చింది పక్కింటి సుబ్బలక్ష్మమ్మ. ఆమెది కడప. ఒమాన్‌లోని ఈ ఇబ్రా ఊళ్లో అర్బాబు ఇంట్లో పని చేస్తుంది. అర్బాబు అంటే కంపెనీ యజమాని. ఆ ఇంటి వంటవాడికి ఎవరో చెబితే, వంటవాడు ఈమెకు చెప్పాడు. ఈమె చెప్పుల్లోని ఇసుకైనా దులుపుకోకుండా కనకవ్వ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చేసింది.

"ఎంత నెమ్మదస్తుని మాదిరి ఉండె కనకమ్మా. నోట్లో నాలిక లేదనుకుంటిమి. లోపల ఇంత ఉందని ఎవురు కనుక్కుంటారు?"

"మా ఆయన కిందనే పని చేస్తడు గద. ఇంట్ల గీ అమ్ముకున్న ముచ్చట చెప్పలే," అంది కనకవ్వ.

"చెప్పేదేముంది మా. షెడ్డు తాళంచెవి వాని దగ్గరే ఉండె. ఇంగెవురు చేస్తారు?"

లోపల కనకవ్వ కూతురు రాజి అన్నం తింటోంది. అసలు పేరు రాజేశ్వరి. అయిదో తరగతి. అప్పుడే బడి నుంచి వచ్చింది. నోటి దాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగిపోయింది.

తాళంచెవి గంగాధరం కాక దగ్గరే ఉంటుంది. అది నిజమే. కానీ ఆ రోజు షెడ్డు తలుపు తీసి ఉంది. ఆ సంగతి రాజికి తెలుసు.

ఈ గొడవంతా మొదలైంది మంచుతో. ఎడారిలో మంచేమిటని అడక్కండి, చెబుతాను.

కువైట్ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు కంపెనీకి ఒక కొత్త ఇంజనీరు వచ్చాడు. చలిదేశం మనిషి. ఆయన సామానులో పొడుగ్గా, ఎర్రగా, రెండు కొసలూ పైకి వంగిన పలక ఒకటి ఉంది. మధ్యలో పాదాలు బిగించే పట్టీలు. అది చూసి కనకవ్వ ఇస్త్రీ బల్ల అనుకుంది. కాదు, అది స్నోబోర్డు. వాళ్ల దేశంలో దాని మీద నిలబడి మంచు కొండల మీంచి జారతారట.

ఒమాన్‌లో మంచు ఎక్కడ దొరుకుతుంది? ఇబ్రా దాటి కొంత దూరం పోతే ఇసుక దిబ్బలున్నాయి. మామూలు దిబ్బలు కావు, కొండలంత. ఇంజనీరు ప్రతి శుక్రవారం అక్కడికి పోయేవాడు. పక్కకు తిరిగి నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, చేటలోంచి బియ్యం జారినట్టు సర్రున కిందికి వచ్చేవాడు. నీళ్ల క్యాన్లు మోయడానికి వెంట వెళ్లిన గంగాధరం కింద నిలబడి చూసేవాడు.

ఇంజనీరు దేశం వెళ్లిపోయేటప్పుడు ఆయన సామానుకు చెక్కపెట్టెలు చేసింది గంగాధరమే. బోర్డు పెట్టెలో పట్టలేదు. "నువ్వే ఉంచుకో" అని ఇచ్చేసి పోయాడాయన.

గంగాధరం దాన్ని భుజాన వేసుకుని నేరుగా రాజి వాళ్ల ఇంటికి వచ్చాడు. అతనిదీ రాజి వాళ్లదీ జగిత్యాల పక్క ఊళ్లే. రాజి తండ్రి దేవయ్య కంపెనీలో ఫోర్‌మన్. గంగాధరం ఆయన కింద కార్పెంటర్. తనకూ రాజి ఈడు కూతురుంది, ఊళ్లో.

"నాకెందుకు బిడ్డా ఇది. నువ్వు, జిలాని ఆడుకోండ్రి. కాని నేను లేంది ఇసుక కొండ ఎక్కద్దు," అన్నాడు.

పెద్ద పాదాలకు చేసిన పట్టీలు తీసేసి, పాత టైరు ట్యూబు కోసి చిన్న పట్టీలు బిగించాడు.

జిలాని రాజి క్లాసే. వాళ్ల నాన్న యాకూబ్ కంపెనీ పికప్ నడుపుతాడు. శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరక ముందు, యాకూబ్ ముగ్గుర్నీ పికప్ వెనక ఎక్కించుకుని దిబ్బల దగ్గర దింపాడు.

ఇసుక కొండ ఎక్కడమే ఒక పని. రెండడుగులు ఎక్కితే ఒకడుగు కిందికి జారుతుంది. సగం ఎక్కేసరికే ఇద్దరి నాలుకలూ ఎండిపోయాయి.

"మొదలు పడుడు నేర్చుకోండ్రి," అన్నాడు గంగాధరం.

"పడేది నేర్చుకునేదేముంది మామా? అది నాకు వస్తాది," అన్నాడు జిలాని.

"రాదు. సూడు." గంగాధరం బోర్డు మీద నిలబడ్డాడు. నాలుగు గజాలు జారి, వెనక్కి చతికిలబడ్డాడు. గడ్డం నిండా ఇసుక. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. అతను లేచి ఉమ్మేసి, మళ్లీ చెప్పాడు.

"చేతులు ముందల పెట్టద్దు, మణికట్టు ఇరుగుతది. దేన్నీ పట్టుకోవద్దు. పడుతున్నమని ఎరుక కాంగనే మోకాళ్లు వంచి కూసోవాలె. గంతే. పడుతున్నోడు పడుతలేనన్నట్టు బిగుసుకపోతెనే దెబ్బ తాకేది."

తర్వాత కొవ్వొత్తి ముక్క తీసి బోర్డు అడుగున అంతా రుద్దాడు. ఇంజనీరు ఏదో సబ్బు బిళ్లలాంటిది రుద్దేవాడు. అది దొరక్క గంగాధరం కొవ్వొత్తి పట్టుకొచ్చాడు. అది రుద్దితే బోర్డు ఇసుక మీద మెత్తగా సాగుతుంది.

జిలాని పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. చొక్కా నిండా, జేబుల నిండా, చెవుల నిండా ఇసుక. పడ్డప్పుడల్లా తనే ముందు నవ్వాడు. ఎండ ముదిరే వేళకు, చేతులు రెక్కల్లా చాచి, కొండ మొదలు దాకా వచ్చేశాడు.

రాజికి పడడం ఇష్టం లేదు.

తను ఫోర్‌మన్ కూతురు. క్లాసులో ఫస్టు. బోర్డు కొంచెం అటూ ఇటూ ఊగగానే వంగి ఇసుకను గుప్పిళ్లతో పట్టుకునేది. బోర్డు సగంలో ఆగిపోయేది.

"పట్టీ లూజుగ ఉంది కాక," అంది మొదటిసారి. గంగాధరం బిగించాడు.

"ఎవరో నెట్టిండ్రు," అంది రెండోసారి.

"పైన ఎవురూ లేరే రాజీ. దయ్యం నెట్టిందేమో," అన్నాడు జిలాని.

"కొవ్వొత్తి మంచిది గాదు," అంది ఆ తర్వాత.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తలలో తిరిగింది. కొవ్వొత్తి మంచిది కాదు. ఇంతకన్నా జారేది ఏదైనా ఉంటే తను జిలానిని దాటిపోతుంది. ఏముంది అలాంటిది?

ఉంది. దేవయ్య అన్నం తినేటప్పుడు పని గురించే మాట్లాడతాడు కదా, అవన్నీ వినీ వినీ రాజికి పిల్లరు ఎలా పోస్తారో నోటికి వచ్చు. ముందు ప్లైవుడ్ పలకలతో నిలువు పెట్టె కడతారు. దాన్ని షట్టరింగ్ అంటారు. లోపలి వైపు ఆయిల్ పూస్తారు. అందులో కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక పలకలు లాగేస్తే పిల్లరు నున్నగా నిలబడి ఉంటుంది. ఆయిల్ పూసిన పలకకు సిమెంటు రవ్వంత కూడా అంటదు.

సిమెంటే అంటనిదానికి ఇసుక అంటుతుందా?

ఇంకే పిల్లకూ ఈ ఆలోచన వచ్చేది కాదు. షట్టరింగ్ ఫోర్‌మన్ కూతురికి వచ్చింది.

గురువారం సాయంత్రం సైట్‌లో సామాను పెట్టే షెడ్డు తలుపు తీసే ఉంది. గంగాధరం కాళ్లు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పోయాడు. రాజి ఖాళీ జ్యూస్ సీసా పట్టుకుని లోపలికి దూరింది. ఆయిల్ డబ్బా తలుపు పక్కనే ఉంది. బరువైనది. రెండు చేతులతో వంచింది. సీసా నిండింది. డబ్బాను నిలబెట్టబోతే చెయ్యి జారింది.

గుబగుబమని ఆయిల్ నేల మీద పారింది. నేలంతా ఇసుకే కదా, చూస్తుండగానే తాగేసింది.

డబ్బా ఎత్తి చూసింది. సగానికి పైగా పోయింది.

అప్పుడే పంపు దగ్గరికి పరుగెత్తి, "కాక, ఆయిల్ ఒలికింది," అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. గంగాధరం నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఇంకో డబ్బా తెచ్చుకునేవాడు. రాజి అలా చేయలేదు. తడిసిన చోట పొడి ఇసుక కప్పింది. మూలనున్న బకెట్టులోని నీళ్లు డబ్బాలో పోసింది. నీళ్లు అడుగుకు పోయాయి, ఆయిల్ పైకి తేలింది. పైనుంచి చూస్తే అచ్చం ముందటిలాగే ఉంది.

మర్నాడు ఇసుక కొండ మీద, ఎవరూ చూడకుండా, బోర్డు అడుగంతా ఆయిల్ పూసింది. నిలబడింది. బోర్డు ఒక గజం నిజంగానే సర్రున పోయింది. రాజి మొహం వెలిగింది.

తర్వాత కింద ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు బోర్డు ఆగిపోయింది. రాజి ఆగలేదు. ముందుకు ఎగిరి మొహం మీద పడింది. పెదవి చిట్లింది.

జిలాని పరుగెత్తుకొచ్చి బోర్డు తిరగేశాడు. అడుగంతా ఇసుక. నువ్వులద్దిన అరిసెలా ఉంది.

"నీ బోర్డుకు గడ్డమొచ్చింది రాజీ," అన్నాడు. కానీ ఆమె నోటి నుంచి వస్తున్న రక్తం చూసి నవ్వడం మానేశాడు.

గంగాధరం తువ్వాలు కొసతో పెదవి అద్దాడు. పళ్లు కదులుతున్నాయేమో చూశాడు. ఆ తర్వాత బోర్డు అడుగున వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం పూసినవ్ బిడ్డా?"

"ఏం పూయలే కాక."

అతను రాజి వైపు కాసేపు చూశాడు. వేలు ఇసుకలో తుడుచుకున్నాడు. "సరే. ఇంటికి పోయినంక కడుక్కో," అన్నాడు.

రాజి బోర్డు కడగలేదు. నీళ్ల ట్యాంకు వెనక దాచేసింది.

ఎండాకాలం కాబట్టి సైట్‌లో పని తెల్లారక ముందే మొదలవుతుంది. మర్నాడు బల్బు వెలుతురులో పలకలకు ఆయిల్ పూశారు. పైన తేలిన ఆయిల్ కొన్ని పలకలకే వచ్చింది. మిగతావాటికి నీళ్లే పూశారు. తడిగా మెరిస్తే ఆయిలే అనుకున్నారు.

పలకలు లాగేసిన రోజు దేవయ్య అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయాడు. "పలకతోటి కాంక్రీటు గూడ ఊడచ్చింది. లోపలి ఇనుము పక్కటెముకల లెక్క కనబడుతుంది. అర్బాబు వచ్చి సూసి పోయిండు," అని కనకవ్వతో అన్నాడు.

రాజి పుస్తకం వెనక మొహం పెట్టుకుని విన్నది. తనను ఎవరూ ఏమీ అడగలేదు కదా. అడగనప్పుడు చెప్పడమెందుకు? అలా అనుకుని ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకుంది. నిద్ర మాత్రం పట్టలేదు.

ఇవాళ సుబ్బలక్ష్మమ్మ నోట గంగాధరం పేరు వినబడింది.

రాజి ముద్దను కంచంలో పెట్టేసి లేచింది. వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"గంగాధరం కాక కాదు," అంది. "నేను."

కనకవ్వకు అర్థం కాలేదు. రాజి చెప్పింది. సీసా సంగతి, ఒలికిన సంగతి, నీళ్ల సంగతి. చెబుతున్నంత సేపూ నేలనే చూసింది.

అంతసేపూ గలగలా మాట్లాడిన సుబ్బలక్ష్మమ్మ గొంతు గుసగుసకు దిగింది. "మెల్లగా అనమ్మా, మెల్లగా. ఎవురన్నా వింటే మీ నాయిన నౌకరీ మీదికొస్తాది. పిల్లోల్లతో సహా ఉండేటోల్లు మీరు. ఆయప్ప ఒంటిమనిషి, యాడికి పోయినా బతుకుతాడు."

కనకవ్వ కూతురి వైపే చూస్తోంది. కోపం వస్తుందనుకుంది రాజి. వచ్చింది కోపం కాదు, భయం. అమ్మ మొహంలో భయం చూడడం రాజికి అదే మొదటిసారి.

"పొద్దుమూకి మీ బాపు వచ్చినంక చెప్దాం," అంది కనకవ్వ చివరికి.

"అప్పటికి కాక పోతడు."

కనకవ్వ పొయ్యి ఆర్పేసింది.

రాజి ట్యాంకు వెనక్కి వెళ్లింది. బోర్డు బయటికి లాగింది. అడుగున ఇసుక అలాగే ఉంది, ఎండకు గట్టిపడి. చంకలో పెట్టుకుని నడిచింది. అది ఆమె కన్నా పొడుగు. ఒక కొస నేల మీద గీత గీస్తూ వచ్చింది. కొంత దూరం పోయాక వెనక చెప్పుల చప్పుడు వినబడింది. అమ్మ. పొమ్మనలేదు, వద్దనీ అనలేదు. వెనకే వస్తోంది. ఆమె వెనక సుబ్బలక్ష్మమ్మ కూడా వస్తోంది.

సైట్ ఆఫీసంటే ఒక రేకుల గది. ముందు యాకూబ్ పికప్ ఇంజను ఆడుతూ నిలబడి ఉంది. మెట్టు మీద గంగాధరం కూర్చుని ఉన్నాడు. పక్కన తాడుతో కట్టిన సంచి. పైన ఒక కవర్లో పిల్లల గౌను, గులాబీ రంగుది. కూతురికి కాబోలు.

అతను రాజిని చూశాడు. బోర్డును చూశాడు.

"ఎండల వచ్చినవేంది బిడ్డా," అన్నాడు.

రాజి అతని పక్కనుంచి మెట్టెక్కి లోపలికి పోయింది.

అర్బాబు మడమల దాకా వచ్చే తెల్లని దిష్‌దాషా వేసుకుని బల్ల వెనక కూర్చున్నాడు. బల్ల మీద ఒక పాస్‌పోర్టు, ఒక టికెట్టు. దేవయ్య గోడ పక్కన నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూసి, "ఏయ్, ఈడికెందుకచ్చినవ్? ఇంటికి పో," అన్నాడు.

కొండ మీద బోర్డు ఊగినప్పుడు రాజికి ఇలాగే ఉంటుంది. పడుతున్నానని ఆమెకు తెలిసింది. ఈసారి దేన్నీ పట్టుకోలేదు.

బోర్డును నేల మీద తిరగేసి పెట్టింది. ఆయిల్ నేనే తీశాను, ఒలికింది, నీళ్లు నేనే పోశాను, గంగాధరం కాకకు తెలియదు, అని బళ్లో నేర్చిన హిందీలో చెప్పింది. అర్బాబుకు అర్థం కాలేదేమోనని ఇంకోసారి చెప్పింది.

అర్బాబు లేచి వచ్చాడు. వంగి, బోర్డు అడుగు గోకి వాసన చూశాడు. దేవయ్య వైపు తిరిగాడు.

"నీ కూతురా?" అన్నాడు హిందీలో.

దేవయ్య తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. "నా బిడ్డే, అర్బాబ్," అన్నాడు.

అర్బాబు బల్ల మీది టికెట్టు తీసి చింపేశాడు. పాస్‌పోర్టును సొరుగులో వేశాడు. "ఖలాస్. అతను ఎక్కడికీ పోడు. పిల్లర్లు నువ్వు దగ్గరుండి బాగు చేయించు, దేవయ్యా. అవి అయ్యే దాకా శుక్రవారం నీకు సెలవు లేదు," అన్నాడు.

దేవయ్య తల ఊపాడు.

రాజి బయటికి వచ్చి గంగాధరం ముందు నిలబడింది.

"కాక, ఆ రోజు నువ్వు అడిగితే ఏం పూయలే అన్న. పూసిన."

"ఊఁ," అన్నాడు గంగాధరం. గౌను కవరును ఒళ్లోకి తీసుకుని సంచి తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా బిగుసుకుంది. రాజి అతని ఎదురుగా కూర్చుని, రెండో కొస పట్టుకుని తానూ విప్పసాగింది.

దేవయ్య బయటికి వచ్చాడు. కనకవ్వ, సుబ్బలక్ష్మమ్మ పికప్ నీడలో నిలబడి ఉన్నారు. యాకూబ్ ఇంజను ఆపేశాడు.

"గంగాధరం," అన్నాడు దేవయ్య. "నీకు ముందుగాల్నే ఎరుకేనా, ఇది నా బిడ్డ పనని?"

"పలకలు ఊడవీకినప్పుడు ఎరుకైంది."

"మరి నిన్న అంతసేపు నిలబెట్టి అడిగితి గద. నాకొక్కనికన్న చెప్పద్దా?"

గంగాధరం ముడి మీంచి కళ్లు ఎత్తలేదు.

"ఆయిల్ ఏమైందని నువ్వు అడుగలే అన్నా. ఎవనికి అమ్మినవని అడిగినవ్."